అదనపు వేడి

బస్టాండులో నా గొంతు ఇప్పటికీ ఉద్యోగం చేస్తోంది. నన్నొక్కణ్ణే ఇంటికి పంపించారు.

నేను అనౌన్సర్ని. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో మైకులో చెప్పడం నా పని. ఆ ఏడాది ఎండలు ముదరక ముందు ఆఫీసువాళ్ళు నన్నొక చల్లటి గదిలో కూర్చోబెట్టి, ఊళ్ళ పేర్లు, అంకెలు, "ఆలస్యంగా", "బయలుదేరుటకు సిద్ధంగా" లాంటి ముక్కలు విడివిడిగా చదివించి రికార్డు చేసుకున్నారు. ఇంతమందిలో నా గొంతే నచ్చిందని తెగ మురిసిపోయాను. ఆ ముక్కల్ని అతికించుకుని కంప్యూటర్ తనే మాట్లాడటం నేర్చుకున్నాక, "ఇక మీరు ఇంట్లో హాయిగా ఉండండి సార్" అన్నారు. నా ఉద్యోగానికి నేనే, అదీ స్పష్టమైన ఉచ్చారణతో, నీళ్ళొదులుకున్నానన్నమాట.

పొద్దస్తమానం వేలమందికి దారి చెప్పిన మనిషిని. ఇంట్లో పలకరించే దిక్కు లేదు. మాకు పిల్లల్లేరు. ఉన్నది మా ఆవిడ ఒక్కతే. ఆవిడ ఉండేది మేడమీద గదిలో. పొద్దున కాఫీ తాగి మెట్లెక్కితే భోజనానికి దిగేది, చెయ్యి కడుక్కుని మళ్ళీ ఎక్కేది. నేను కింద హాల్లో పేపరు చదివి, చదివిన పేపరే తిరగేసి, కిటికీలోంచి వచ్చేపోయే బళ్ళకి మనసులోనే అనౌన్స్‌మెంట్లు చెప్పుకునేవాణ్ణి. ఒకరోజు ఫ్రిజ్ తలుపు తీసి "ఏం, ఎలా ఉన్నావు?" అని పైకే అనేశాను. నాకే భయమేసింది.

మా ఆవిడ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేది. మాట పొదుపు మనిషి. అడిగినదానికి జవాబు చెబుతుంది గానీ, ఆ జవాబుకి తోక ఉండదు. ఆమెకొక పిచ్చి ఉంది. పిచ్చి అని నేను ముద్దుగా అంటున్నాను, కాలేజీలో ఇంకా పెద్ద మాటలే అన్నారు. సూర్యుడి కడుపులో చిన్న చిన్న అణువుల గుండెలు ఒకదాన్లో ఒకటి కలిసిపోతాయట. ఆ కలయికలోంచి వేడి పుడుతుందట. దానికి సూర్యుడంత మంట కావాలి. ఆ మంట అక్కర్లేకుండా, ఒక గాజుపాత్రలో భారజలం అనే రకం నీళ్ళు పోసి, ఒక లోహపు కడ్డీ ముంచి కరెంటు పంపితే అదే పని జరుగుతుందని వెనకెప్పుడో ఇద్దరు శాస్త్రవేత్తలు ప్రకటించారు. ప్రపంచమంతా ఎగబడి చేసి చూసింది. కొందరు వచ్చిందన్నారు, చాలామంది రాలేదన్నారు. అప్పట్నించీ ఆ పనికున్న కోల్డ్ ఫ్యూజన్ అనే పేరు వినబడితే చదువుకున్నవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకుంటారు. మా ఆవిడ నవ్వలేదు. కాలేజీవాళ్ళు ఆ పని మానెయ్యమన్నారు. ఆవిడ కాలేజీ మానేసింది.

ఆమెని నమ్మినవాడు ఒకే ఒక్కడు. నీళ్ళ పంపులు తయారుచేసే పెద్దమనిషి. నేను పంపులాయన అనేవాణ్ణి. ఆయన సామాను కొనిపెట్టాడు, ఆ వేడితో పొయ్యిలు చేసి అమ్మే కంపెనీ పెట్టించాడు, మా గేటుకి బోర్డు తగిలించాడు. బోర్డు గేటుకన్నా పెద్దది. పోస్టుమాన్ కూడా ఇల్లు మారిందేమో అనుకుని వెనక్కి వెళ్ళిపోయాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే అదే సరుకు అమ్మే ఇంకో కంపెనీ గుట్టు రట్టయింది. ఇంటింటికీ అణుపొయ్యి ఇస్తామని వాళ్ళు పెద్ద హోటల్లో మీటింగు పెట్టారు. తెరమీద వేడి అంకెలు పరుగులెత్తాయి, జనం చప్పట్లు కొట్టారు. తీరా చూస్తే ఆ అంకెలు కంప్యూటర్లో ముందే రాసిపెట్టుకున్నవట. నడిపినవాడు రాత్రికి రాత్రి ఉడాయించాడు. దాంతో మా బోర్డు చూసిన ప్రతివాడికీ అనుమానమే. కూరగాయలమ్మే మనిషి కూడా "మీదీ ఆ బాపతేనా సార్?" అని అడిగాడు. ఒళ్ళు మండిపోయింది. కానీ ఏం చెప్పను? నాకూ తెలియదు కదా.

మా ఆవిడ మాత్రం ఒక నిర్ణయానికొచ్చింది. ఓ మధ్యాహ్నం అన్నం కలుపుతూ తలెత్తి అడిగింది.

"ఏమండీ, మీకు ఖాళీయేగా?"

"ఖాళీయా! నన్ను చూసి చూసి ఖాళీకే విసుగొచ్చేసింది."

"అయితే మేడమీదికి రండి. అంకెలు చదవాలి."

"ఎవరికి?"

"నాకు."

ఆ మాటకి అన్నం సగంలో వదిలేసి లేచానంటే నమ్మండి.

ఆ గది ఒకప్పుడు చుట్టాలొస్తే పడుకునేది. ఇప్పుడు కిటికీకి థర్మోకోల్ అట్టలు కొట్టేసి ఉంది. ఫ్యాను వెయ్యకూడదు, ఏసీ లేదు. గాలి కదిలితే కొలతలు చెడిపోతాయట. బల్లమీద ఈ చివర ఒక గాజుపాత్ర, ఆ చివర ఒక గాజుపాత్ర. రెండిటికీ ఒకే రకం కడ్డీ, ఒకే కరెంటు. ఈ చివరిదాంట్లో భారజలం, ఆ చివరిదాంట్లో మామూలు నీళ్ళు. రెండూ ఒకేలా వేడెక్కితే ఏమీ లేనట్టు. భారజలం ఎక్కువ వేడెక్కితే ఆ ఎక్కువే ఆవిడకి కావలసింది. దాన్ని అదనపు వేడి అనేది. పుట్టబోయే బిడ్డ పేరు పలికినట్టు, గొంతు తగ్గించి అనేది.

"కంప్యూటర్ అంకె చూపిస్తే ఇప్పుడెవరూ నమ్మరు. అందుకని ముల్లు తిరిగే మీటర్లు పెట్టాను. మనిషి కంటితో చూసి, నోటితో చెప్పిన అంకె కావాలి. భారజలం మీరు చదవండి, మామూలు నీళ్ళు నేను చదువుతాను. ఒక్క మనిషే రెండూ చదివితే అదొక వంక."

"నేను నీ మొగుణ్ణి. అది వంక కాదా?"

"మీరు అబద్ధం చెబితే మీ చెవులు కదులుతాయి. అది అందరికీ తెలుసు."

నా చూపు అంతంతమాత్రం. ముల్లు కనబడాలంటే కుర్చీని బల్లకి ఆనించి, మీటర్లో మొహం పెట్టాల్సిందే. మనిషిని కూడా తక్కువవాణ్ణేం కాదు. బస్సులో ఇద్దరు కూర్చునే సీటు నాకు సరిపోతుంది. అలా గాజుపాత్ర పక్కన గోనెబస్తాలా కూర్చుని, చెమటలు కక్కుతూ, మొదటి అంకె గొంతు సవరించుకుని చదివాను.

"ప్రయాణికులకు విజ్ఞప్తి..."

"వేషాలొద్దు," అంది. కానీ పెదవి కొస వణికింది. నేను చూశాను.

ఆ ఎండాకాలమంతా నేను ఆ కుర్చీలోనే ఉన్నాను. ఆవిడ గది మూల తన బల్ల దగ్గర రాసుకునేది, మధ్యమధ్యలో లేచి వెళ్ళి తన మీటరు చూసుకునేది. అంకెకీ అంకెకీ మధ్య బోలెడంత ఖాళీ. ఆ ఖాళీని నేను మాటలతో నింపేవాణ్ణి. బస్టాండు కబుర్లకి కొదవా? సామానుతో పాటు అల్లుణ్ణి కూడా బస్సులో మర్చిపోయిన మామగారి కథ, మైకు ఆపడం మర్చిపోయి నేను మేనేజర్ని తిట్టిన తిట్లు ఊరంతా విన్న కథ, అన్నీ చెప్పాను. ఆవిడ "ఊఁ" అనేది. ఒక్కోసారి అదీ ఉండేది కాదు. గోడకి చెప్పుకుంటున్నాననే అనుకునేవాణ్ణి. అయినా ఆ గోడ మా ఆవిడ ఉన్న గది గోడ, అదే పదివేలు.

ఒకరోజు ఉన్నట్టుండి పెన్ను ఆపి అడిగింది. "ఇంతకీ ఆ ముసలావిడ దొరికిందా?"

"ఏ ముసలావిడ?"

"తప్పు బస్సెక్కిందన్నారుగా. కూతురు మీ గది ముందు కూర్చుని ఏడ్చిందని."

అది నేను ఆ ముందు వారం చెప్పిన కథ. మధ్యలో అంకె చదవాల్సొచ్చి వదిలేశాను. దొరికింది, దొరికింది అన్నాను. దొరికిన వైనం మొదట్నించీ చెప్పాను. మా పెళ్ళయ్యాక ఆవిడ నన్ను అడిగి చెప్పించుకున్న మొదటి కథ అది.

అదనపు వేడి కూడా ఆ రోజుల్లోనే కనబడింది. మొదట కొంచెం, తర్వాత ఇంకాస్త. నేను అంకె చెప్పగానే తన అంకె చూసుకుని, లేచి వచ్చి, నా భుజం మీద చెయ్యి వేసి వంగి మీటరు చూసింది. ఆ చెయ్యి అక్కడే ఉండిపోయింది. "మళ్ళీ చదవండి," అంది. చదివాను. "మళ్ళీ." ఎన్నిసార్లు చదివించినా నాకు అభ్యంతరం లేదు.

చీకటి పడ్డాక ఆ వేడి తగ్గిపోయేది. రాత్రిపూట మేం పడుకున్నాక కంప్యూటర్ తనంతట తాను గీసిన వేడి గీతలు చూసి పెదవి విరిచేది. ఊరి కరెంటు తేడా అనుకుంది. ఈ పని చేసేవాళ్ళందరికీ ఇది అలవాటేనట. ఆ వేడి వస్తుందట, పోతుందట, ఎందుకొచ్చిందో ఎందుకు పోయిందో చెప్పదట. "పెళ్ళివారి బంధువులా ఉందే," అన్నాను. నవ్వింది. నిజంగా, వినబడేలా నవ్వింది.

మధ్యలో మా అక్కకి ఒంట్లో బాగోలేదని వాళ్ళ ఊరు వెళ్ళాల్సొచ్చింది. అక్క మంచంమీదే ఉన్నా నోరు మాత్రం మంచం ఎక్కలేదు.

"ఏరా, మీ ఆవిడ ఇంకా ఆ నీళ్ళగ్లాసులోనే ఉందా?"

"నేనూ అందులోనే ఉన్నానక్కా."

"బాగుంది సంబడం. ఇద్దరూ కలిసి మునగండి."

అప్పుడే ఫోను మోగింది. మా ఆవిడ. నేను ఊరెళితే ఫోను చేసే మనిషి కాదు. చేరారా అని కూడా అడగదు, చేరకపోతే తెలుస్తుంది కదా అంటుంది.

"ఎప్పుడొస్తున్నారు?"

"ఏం, ఏమైంది?"

"ఏం కాలేదు. మీరు వెళ్ళిన రోజే కొత్త కడ్డీ వేశాను. అదనపు వేడి పోయింది. రెండూ సమానంగా చూపిస్తున్నాయి." ఫోను పెట్టేస్తుందనుకున్నాను. "ఇల్లు కూడా బావుండలేదు. త్వరగా రండి."

ఆ రాత్రి ప్రయాణంలో కునుకు పట్టలేదు. కిటికీ పక్కన కూర్చుని ఆ చివరి రెండు ముక్కలూ నెమరేసుకుంటూనే ఉన్నాను. నేను వచ్చేసరికి ఆవిడ పాత కడ్డీ తిరిగి పెట్టింది. నేను కుర్చీలో కూర్చున్నాను. సాయంత్రానికి వేడి తిరిగొచ్చింది. తప్పంతా కొత్త కడ్డీదే అని ఇద్దరం తేల్చేశాం. "కడ్డీ కాదోయ్, నా జాతకం," అన్నాను. "మీరు లేకపోతే అదీ అలిగినట్టుంది," అంది, నా వంక చూడకుండా, సిగ్గుపడుతున్నట్టు. ఈ వయసులో!

పంపులాయన ఎగిరి గంతేశాడు. పేపర్లవాళ్ళని పిలిచి ప్రకటించేద్దామన్నాడు, హాలు మాట్లాడేశాడు. మా ఆవిడ అడ్డం తిరిగింది. "బయటి మనిషి వచ్చి చూడందే నేను నోరు విప్పను. నా మాట నేను చెబితే ఆ ఉడాయించినవాడికీ నాకూ తేడా ఏముంది?" అంది. చివరికి మా ఆవిడే ఒకావిడని రప్పించింది.

వేడి కొలవడంలో ఆవిడ చేయి తిరిగిన మనిషట. పెద్దావిడ, సన్నగా, పొట్టిగా ఉంది. తన థర్మామీటర్లు తనే పెట్టెలో మెత్తటి గుడ్డల్లో చుట్టి తెచ్చుకుంది. మేం కొలతల మేడమ్ అనుకునేవాళ్ళం. మా గొప్ప గాజుపాత్రల వంక ఒక్కసారి చూసి వదిలేసింది. ఆ తర్వాత ఎక్కువసేపు నన్నే చూసింది.

"ఈ కుర్చీ ఎప్పుడూ ఇక్కడే ఉంటుందా అండీ?"

"ఇక్కడే. చూపు ఆనదు."

"రోజంతా మీరే కూర్చుంటారా?"

"నేనే. నాకంత ఉద్యోగం ఇంకెక్కడుంది?"

"మీ బరువెంత ఉంటుంది?"

"ఇదేం ప్రశ్నండీ, పెళ్ళిచూపులా?" అన్నాను. ఆవిడ నవ్వింది, కానీ కళ్ళు నవ్వలేదు. మా ఆవిడ కూడా నవ్వలేదు. పెన్ను పట్టుకున్న చెయ్యి అలాగే ఉండిపోయింది.

ఆ మధ్యాహ్నం నన్ను కాసేపు కింద కూర్చోమన్నారు. ఆ కాసేపు చీకటి పడేదాకా సాగింది. రాత్రి భోజనం దగ్గర ఇద్దరు ఆడవాళ్ళూ ఉప్పు అందించుకోవడం తప్ప ఏం మాట్లాడుకోలేదు. మర్నాడు పొద్దున్నే కొలతల మేడమ్ నా దగ్గరికొచ్చింది.

"ఏమీ అనుకోకుండా ఒక సాయం చేస్తారా? పెద్ద పెద్ద క్యాన్ల నిండా వేణ్ణీళ్ళు కావాలి. మరిగినవి వద్దు. మనిషి ఒళ్ళు ఎంత వెచ్చగా ఉంటుందో అంత."

దాందేముంది అన్నాను. కాచాను, చెయ్యి పెట్టి చూసుకుని చన్నీళ్ళు కలిపాను, రొప్పుకుంటూ మోసుకెళ్ళాను. ఆవిడ ఆ క్యాన్లకి నా తువ్వాళ్ళే చుట్టబెట్టి, ఒకదాని పక్కన ఒకటి నా కుర్చీలో కూర్చోబెట్టింది. నా ఎత్తు, నా వెడల్పు. పైన ఒక కళ్ళజోడు పెడితే నేనే. నవ్వొచ్చింది. చల్లారినప్పుడల్లా మార్చాలన్నారు. రోజంతా పొయ్యికీ మేడకీ మధ్య తిరిగాను. మోకాళ్ళు పట్టేశాయి గానీ, నాకూ ఏదో పని పెట్టారన్న సంతోషంలో అవేమీ తెలియలేదు. ఎందుకో అడగాలని కూడా తోచలేదు.

ఎండ తగ్గుతుండగా మా ఆవిడ వంటింట్లోకి వచ్చింది. నేను ఇంకో విడత నీళ్ళు పెడుతున్నాను.

"ఇక చాలండీ. పొయ్యి ఆపెయ్యండి."

"సగం కాగాయి."

"చాలు." తనే వచ్చి పొయ్యి ఆపింది. గట్టుకి ఆనుకుని నిలబడింది. "ఇన్నాళ్ళూ నేను కొలిచింది మిమ్మల్ని."

నాకు అర్థం కాలేదు. అప్పుడు నెమ్మదిగా, క్లాసులో వెనక బెంచీవాడికి చెప్పినట్టు చెప్పింది. మనిషి ఒంటిలోంచి ఎప్పుడూ వేడి వస్తూనే ఉంటుంది. గాలి ఆడని గదిలో, అంత మనిషి, భారజలం పాత్రకి ఆనుకుని రోజంతా కూర్చుంటే అటువైపు వెచ్చబడుతుంది. మామూలు నీళ్ళవైపు వెచ్చబడదు. నిన్న కుర్చీ ఖాళీగా ఉంచితే తేడా పోయింది. ఇవాళ నీళ్ళు పెడితే తిరిగొచ్చింది. రాత్రిళ్ళు తగ్గింది కరెంటు వల్ల కాదు. అక్కగారి ఊరు వెళ్ళినప్పుడు పోయింది కడ్డీ వల్ల కాదు.

నిజం చెప్పాలంటే నాకు ముందు సంతోషమేసింది. ఎంత తెలివితక్కువ మనిషినో చూడండి. ఇన్నాళ్ళూ ఈవిడ గొంతు తగ్గించి మాట్లాడింది, భుజం మీద చెయ్యేసి వంగి చూసింది, "మళ్ళీ, మళ్ళీ" అన్నది నా గురించేనా అనుకున్నాను. తర్వాత ఆవిడ మొహం చూశాను. ఏడవడం లేదు. ఏడిస్తే బాగుండేది.

పంపులాయనకి కబురు చేస్తే పరిగెత్తుకొచ్చాడు. అంతా విని, హాల్లో అటూ ఇటూ తిరిగి, గొంతు తగ్గించాడు.

"అమ్మా, ఆ మేడమ్‌తో నేను మాట్లాడుకుంటాను. ఎల్లుండి హాలు మాట్లాడేశాను, అందరూ వస్తున్నారు. కుర్చీ ఉన్నచోటే ఉండనివ్వండి. సార్‌ని కూడా అందులోనే ఉండనివ్వండి. ప్రకటన అయిపోయాక తీరిగ్గా సర్దుకుందాం."

"ఏం సర్దుకుంటాం? పొయ్యి కొన్న ప్రతి ఇంటికీ మా ఆయన్ని పంపిద్దామా?"

ఆయన నా వైపు తిరిగాడు. "మీరైనా చెప్పండి సార్."

నేను ఏం చెప్పను? నాకు ఆ క్షణంలో ఎంత ఆశ పుట్టిందో నాకే తెలుసు. ఊఁ అంటే చాలు, రేపట్నించీ మళ్ళీ ఆ గది, ఆ కుర్చీ, ఆవిడ పెన్ను చప్పుడు. నాకు అణుశక్తి అక్కర్లేదు. ప్రపంచం చీకట్లో ఉన్నా నాకు నష్టం లేదు. ఆ కుర్చీ పోతే మాత్రం నేను మళ్ళీ కింద హాల్లో ఒంటికాయ సొంఠికొమ్మునే. మా ఆవిడ నన్నే చూస్తోంది. "ఆవిడ చెప్పిందే," అన్నాను. చెవులు కదిలాయేమో తెలియదు.

హాలు నిండింది. పంపులాయన రాలేదు. మా ఆవిడ ఒక్కతే మైకు ముందు నిలబడింది. మైకుకి మరీ దగ్గరగా నిలబడి గరగరమనిపిస్తుంటే, ముందు వరసలోంచి చేత్తో వెనక్కి జరగమని సైగ చేశాను. జరిగింది. జరిగింది జరిగినట్టు చెప్పింది. ఒక విలేకరి లేచాడు.

"అంటే మేడమ్, మీ ఆయనే అణు రియాక్టరన్నమాట!"

హాలంతా గొల్లుమంది. నేను కూడా నవ్వాను, ఏం చెయ్యను. ఆవిడ ఆ నవ్వులు ఆగేదాకా నిలబడి ఉంది.

"కాదండీ. ఆయన మామూలు మనిషి. మామూలు మనిషి పక్కన కూర్చుంటే ఎంత వెచ్చదనం ఉంటుందో నేను లెక్కలోకి తీసుకోలేదు. అదే నేను చేసిన తప్పు," అని మైకు వదిలేసి వచ్చేసింది.

మర్నాడు పేపర్లకి పండగే పండగ. ఉడాయించినవాడికి కూడా అంత చోటు ఇవ్వలేదు. వీధి చివర కొట్టతను సరుకులు కడుతూ "సార్, మా ఇంట్లో గీజరు చెడిపోయింది. ఓసారి వచ్చి కూర్చుని వెళ్తారా?" అన్నాడు. కొట్లో ఉన్నవాళ్ళు పొట్ట పట్టుకున్నారు. నేనూ నవ్వి, "నీళ్ళు తోడి పెట్టుకో, వస్తాను," అన్నాను. ఇంటికొచ్చి ఆ ముచ్చట మా ఆవిడకి చెప్పలేదు. కంపెనీ మనుషులు వచ్చి గేటు బోర్డు ఊడదీసుకుపోయారు. అక్క ఫోను చేసి ఏదో అనబోయి, నా గొంతు విని, ఏమీ అనకుండా "అన్నం తిన్నావా?" అని పెట్టేసింది.

మా ఆవిడ కిందికి వచ్చేసింది. కొన్నాళ్ళు హాల్లోనే ఉంది, నాతోనే ఉంది. నేను కథలు చెప్పబోతే వినేది కాదు, వినకుండా ఉండేదీ కాదు. కిటికీ వంక చూసేది. పోనీలే, కొంచెం సమయం పడుతుంది, ఇద్దరం ఒకే గదిలో ఉన్నాం కదా అని నేను లోలోపల సంబరపడ్డాను. మేడమీది గది కడిగి, కిటికీ అట్టలు ఊడదీసి, మంచం వేద్దామనుకున్నాను. ఎండలు తగ్గాయి. మొదటి వాన కూడా పడింది.

ఆ వాన వెలిసిన పొద్దున్న లేచేసరికి ఆవిడ పక్కన లేదు. పైన ఏదో చప్పుడు. వెళ్ళి చూస్తే గది తలుపు అంచులకి స్పాంజి పట్టీలు అతికిస్తోంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆ కళ్ళలో పాత వెలుగే కనబడింది నాకు.

"ఏమిటే ఇది?"

"పాత గీతలన్నీ మళ్ళీ లెక్కేశానండీ. మీ వేడి మొత్తం తీసేశాను. తీసేశాక కూడా కొంచెం మిగిలింది."

"మిగిలిందా?"

"చాలా కొంచెం. తప్పే అయ్యుండొచ్చు. కానీ మిగిలింది." పట్టీని బొటనవేలితో గట్టిగా అదిమింది. "ఈసారి లోపల మనిషన్నవాడు ఉండకూడదు. నేను కూడా. కెమెరా పెట్టాను. పక్క సామాన్ల గదిలోంచి చూసుకుంటాను."

"మరి మనిషి కంటితో చూసిన అంకె కావాలన్నావు?"

"ఎవరికి చూపించాలని? ఇప్పుడిక ఎవరూ రారు."

నా కుర్చీ బయట వరండాలో ఉంది, కాళ్ళు పైకి పెట్టి. సామాన్ల గదిలో ఇంకొకరికి చోటు లేదు. ఒక స్టూలు, ఒక తెర, ఆవిడ. లోపలికెళ్ళి తలుపు వేసుకుంది. నేను దిగిపోలేదు. దిగి ఏం చెయ్యను? కుర్చీ తిప్పి గోడవార వేసుకుని కూర్చున్నాను. వాన తర్వాతి చల్లగాలికి వీపు గోడకి ఆనించి, సామాన్ల గది తలుపు వైపు తిరిగి, వినబడేంత గొంతుతో ఒక కథ మొదలుపెట్టాను. ఇది కొత్తది, ఎప్పుడూ చెప్పనిది. ఒక వానరోజు బస్సులన్నీ ఆగిపోతే రాత్రంతా జనానికి మైకులో కబుర్లు చెప్పి కూర్చోబెట్టిన కథ.

సగంలో ఉండగా తలుపు తెరుచుకుంది. ఆవిడ బయటికొచ్చి నన్నే చూసింది. తర్వాతేమైందని అడుగుతుందనుకున్నాను. నా దగ్గరికొచ్చి, నా భుజం పక్కనుంచి చెయ్యి పోనిచ్చి, నా వీపు ఆనిన చోట గోడని అరచేత్తో తడిమి చూసింది. ఆ గోడకి అవతల గాజుపాత్రలున్నాయి.

"గోడకి ఆనుకోకండి," అంది మెల్లగా. ఆ గొంతులో కోపం లేదు, జాలే ఉంది. "కొంచెం దూరంగా జరగండి."

"ఎంత దూరం?"

నా వైపు, గోడ వైపు, వరండా చివర వైపు చూసి లెక్క కట్టుకుంది.

"మెట్ల దాకా."

నేను లేచి, కుర్చీ తీసుకుని మెట్ల దాకా జరిగాను.